రక్తానికి తెలిసిన గాయం

ఎడమ చెవి పోయి ఐదు నెలలైంది. మొత్తం పోయి కొంత తిరిగి వచ్చింది, ఆ సంగతి తర్వాత చెబుతాను. జబ్బు ముదిరిన రోజుల్లో ఎవరైనా వచ్చి ఎలా ఉందని అడిగితే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు, ఇప్పుడేమో చెప్పాలనిపిస్తోంది. మిల్లుల్లో పనిచేసేవాళ్ళు ఎవరైనా చదివితే రెండు విషయాలు వాళ్ళకి పనికొస్తాయి. ఒకటి చెవి గురించి, రెండోది చెప్పాల్సిన చోట నోరు విప్పడం గురించి.

నాకు నలభై నాలుగేళ్ళు. మాది ఎలమంచిలి దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళుగా విశాఖలో ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో ఫిట్టర్‌గా చేస్తున్నాను, కాపురం దువ్వాడలో. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెలు రోలర్ల మధ్య నలిగి, సాగి, కడ్డీలై బయటికొచ్చే చోటు మాది. ఆ రోలర్లని తిప్పే గేర్‌బాక్సులు, బేరింగులు చూసుకోవడం నా పని. బేరింగు పాడవబోయే ముందు దాని చప్పుడు మారుతుంది. దాన్ని పట్టుకోవడానికి మీటర్లు వచ్చాయి గానీ మావాళ్ళు ఇప్పటికీ రాడ్డు పెట్టి వింటారు. మూరెడు ఇనుప రాడ్డు ఒక కొస బేరింగు గూటికి ఆనించి, రెండో కొస చెవి ముందున్న ఎముకకి ఆనిస్తే లోపలి చప్పుడంతా తలలోకి వచ్చేస్తుంది. మా షిఫ్టులో రాడ్డు పట్టేది నేనే. పట్టేది ఎడమ చెవికే, ఎందుకంటే కుడి చెవి చిన్నప్పుడు చీము కారి కారి సగం పోయింది. దగ్గరికొచ్చి గట్టిగా మాట్లాడితే తప్ప దానికి అందదు. నాకున్న మంచి చెవి ఒక్కటే. అందుకని ఇక్కడ పోయింది రెంటిలో ఒకటి అనుకోకండి.

సోమవారం నుంచి శుక్రవారం

ఆగస్టు నెల, ఉదయం షిఫ్టు. టిఫిను వేళకి ఎడమ చెవి దిబ్బడ వేసింది. లోపల సన్నగా హోరు మొదలైంది. నొప్పి లేదు. కాస్త తల తిరిగినట్టుంటే ఎండ అనుకున్నాను.

మిల్లులో పనిచేసేవాడికి చెవి దిబ్బడ వేయడం జబ్బు కిందికి రాదు. షిఫ్టు దిగాక పూటంతా మాటలు దూరంగా వినబడతాయి, రాత్రి పడుకుంటే సగం, వీక్లీ ఆఫ్ రోజుకి మిగతా సగం సర్దుకుంటాయి. దీన్ని మేం 'షిఫ్టు చెవి' అంటాం. కొత్తగా చేరినవాళ్ళు భయపడితే మేమే నవ్వి ధైర్యం చెబుతాం. నా వీక్లీ ఆఫ్ శుక్రవారం. అందుకని శుక్రవారం దాకా చూద్దామనుకున్నాను. చెవి పోయిన మనిషి నాలుగు రోజులు తాపీగా డ్యూటీ చేశాడంటే బయటివాళ్ళు నమ్మరు. మా మిల్లులో ఎవరైనా నమ్ముతారు.

బుధవారం మా మేస్త్రీ సూరిబాబు పిలిచాడు. ఇద్దరం ఒకే ఏడు పనిలో చేరాం, ఒకే వీధిలో ఉంటాం. నాలుగో గేర్‌బాక్సు చప్పుడు తేడాగా ఉందన్నాడు. రాడ్డు పెట్టాను. ఏమీ రాలేదు. మిషను ఆగిపోయిందేమోనని గూటి మీద చెయ్యి వేసి చూశాను. చెయ్యి అదురుతోంది. మిషను బాగానే తిరుగుతోంది. "మీటరు పెట్టి కూడా ఓసారి చూడు" అని చెప్పి పక్కకి వచ్చేశాను.

శుక్రవారం రోజంతా పడుకున్నాను. నా భార్య నూకరత్నం ఎడమ పక్క నుంచి భోజనానికి పిలిచిందట, నాలుగుసార్లు. ఐదోసారి వచ్చి భుజం పట్టి కుదిపింది.

"ఏటయ్యా, ఇనబడ్నేదా?"

"షిఫ్టు చెవిలే."

"ఐదు రోజులా? ఏ షిఫ్టయ్యా అది?"

ఆమె వెళ్ళి సూరిబాబుతో చెప్పింది. మర్నాడు మిల్లుకి వెళ్ళకుండా అతను నన్ను బండెక్కించుకుని సిటీకి తీసుకెళ్ళాడు.

శనివారం, ఆరో రోజు

చెవి ముక్కు గొంతు ఆసుపత్రిలో వచ్చినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తారు. వచ్చేవాళ్ళలో సగం మందికి వినబడదు. ఈ సంగతి అక్కడెవరికీ తట్టినట్టు లేదు. అయితే పిలిచే ఆవిడ, నడివయసు మనిషి, ఒకసారి పిలిచి ఎవరూ లేవకపోతే తానే కుర్చీల మధ్యకి వచ్చి ఒక్కొక్కరి చీటీ చూసి భుజం తట్టేది. నన్ను తట్టినప్పుడు కంగారేం లేదన్నట్టు చెయ్యి ఊపింది. ఆ రోజు నాతో ఎవరూ అంత నెమ్మదిగా మాట్లాడలేదు.

గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టారు. చప్పుడు వినబడితే బటన్ నొక్కాలి. కుడి వైపు అప్పుడప్పుడూ నొక్కాను. ఎడమ వైపు వచ్చేసరికి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. గాజు అవతల టెక్నీషియన్ అమ్మాయి మీటలు తిప్పుతూనే ఉంది, నా వేలు బటన్ మీదే ఉంది. ఒకటి రెండుసార్లు ఊహించి నొక్కాను. పరీక్షలో పక్కవాడి పేపరు చూసినట్టు సిగ్గేసింది.

డాక్టరుగారు ముప్పై ఐదేళ్ళ ఆడమనిషి. నా కుడి వైపుకి కుర్చీ లాక్కుని కూర్చుని గట్టిగా, విడివిడిగా మాట్లాడారు. లోపలి చెవి నరం దెబ్బతిందన్నారు. ఎందుకో చాలామందిలో తెలియదట. తొందరగా స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు. ఆరు రోజులు ఎందుకు ఆగారని అడిగారు. షిఫ్టు చెవి అంటే ఏమిటో సూరిబాబు ఆమెకి వివరించాడు. ఆమె విని, మా ఇద్దరి వైపూ చూసి, రక్తపరీక్ష రాశారు.

చెవికి రక్తం ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. రెండు గంటలకి కాగితం వచ్చింది. ఎడమ పక్క పరీక్ష పేరు, మధ్యలో నా సంఖ్య, కుడి పక్క ఉండాల్సిన హద్దు. నాకు అలాంటి కాగితాలు అలవాటే, బేరింగులకీ హద్దులుంటాయి. హద్దు దాటినవాటిని ముద్దక్షరాల్లో కొట్టారు. మూడున్నాయి. తెల్లకణాలు ఎక్కువ. ఈఎస్‌ఆర్ ఎక్కువ. సీఆర్‌పీ అనే మూడోదైతే హద్దుకి చాలా రెట్లు ఉంది.

"ఇవి ఒంట్లో ఎక్కడో వాపు లాంటి ఇన్‌ఫ్లమేషన్ ఉందని చెబుతాయి" అన్నారు డాక్టరుగారు. "ఎక్కడుందో చెప్పవు. చెవి పోయినవాళ్ళలో కూడా ఇవి కొంచెం పెరగొచ్చు. తెల్లకణాల్లో ఏ రకం ఎంతుందో చూసి చెవి తిరిగొచ్చేదీ రానిదీ ఊహించే డాక్టర్లున్నారు. నేనైతే దాన్ని పట్టుకుని మీకు మాటివ్వను. కానీ చెవి ఒక్కదానికే సీఆర్‌పీ ఇంత పెరగదు. దగ్గుందా?"

"లేదండీ."

"పంటి నొప్పి? మూత్రంలో మంట? జ్వరం?"

"లేదండీ."

"ఒంటి మీద గాయం, పుండు, ఏదైనా? స్టెరాయిడ్ ఇచ్చే ముందు నాకు తెలియాలి. ఒంట్లో చీము ఉంటే ఆ మాత్రలు దాన్ని పెంచేస్తాయి."

నేను సూరిబాబు వైపు చూశాను. సూరిబాబు గోడ మీది చెవి బొమ్మని చూస్తున్నాడు.

"లేదండీ" అన్నాను.

లేదన్న గాయం

చెవి పోవడానికి పది రోజుల ముందు నా ఎడమ చీలమండ కాలింది. దిమ్మె మీద నుంచి లేచిన వేడి ఇనుప పొలుసు ఒకటి ఎగిరొచ్చి బూటు లోపల పడింది. బూటు విప్పేలోపు మేజోడు మాంసానికి అంటుకుంది. సూరిబాబే నన్ను టూల్ రూముకి తీసుకెళ్ళి, తన పెట్టెలో ఉన్న ఆయింట్‌మెంటు రాసి, దూది పెట్టి కట్టాడు. ఫస్ట్ ఎయిడ్ గది అక్కడికి యాభై అడుగులు కూడా లేదు.

వెళ్ళకపోవడానికి కారణం గేటు దగ్గరున్న బోర్డు. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద రోజూ ఒక అంకె మారుస్తారు. ఫస్ట్ ఎయిడ్ పుస్తకంలో ఎవడి పేరెక్కినా అంకె సున్నాకి వస్తుంది. ఏడాది నిండితే అందరికీ తలా ఒక ప్రెషర్ కుక్కరు ఇస్తామన్నారు. నిజానికి మాకెవరికీ కుక్కరుకి గతిలేక కాదు. ఎవడి వల్ల సున్నా అయిందో ఆ పేరు ఏడాది పొడుగునా అందరి నోళ్ళలో నలుగుతుంది, భయమంతా అదే. అందుకని ప్రతి షిఫ్టులోనూ మేస్త్రీ పెట్టెలో సొంత దూది, సొంత మందు ఉంటాయి. వేలు తెగినా, చర్మం ఊడినా అక్కడే కట్టుకుంటాం. ఎవరడిగినా లేదంటాం. ఎంతగా అలవాటైపోయిందంటే, మా మిల్లుకీ మా బోర్డుకీ ఏ సంబంధమూ లేని డాక్టరు నా మంచికోసం అడిగినా నోటికి అదే వచ్చింది.

ఇంట్లో నూకరత్నానికి బూటు కరిచిందని చెప్పాను.

ఆసుపత్రి మెట్లు దిగుతుంటే సూరిబాబు నా కుడి చెవి దగ్గరికి వచ్చాడు.

"ఏటి బావా, కాలు సంగతి సెప్పీవలసిందేమో."

"నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వు సెప్తావేమోనని సూసినాను."

"నేనూ నీకోసమే చూశాను."

ఇద్దరం నవ్వుకున్నాం. ఈ ఐదు నెలల్లో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు గుర్తు చేసుకున్నది ఆ నవ్వునే. ఆ మెట్ల మీంచి వెనక్కి తిరిగితే పది అడుగుల్లో డాక్టరు గది.

రెండో వారం

శనివారమే తీసిన ఛాతీ ఎక్స్‌రే, మూత్రపరీక్ష బాగున్నాయి. సమయం మించిపోతోందని డాక్టరుగారు మాత్రలు మొదలుపెట్టారు. జ్వరం గానీ ఇంకేదైనా గానీ వస్తే వెంటనే రమ్మన్నారు, ఏ భాగం వాచినా, ఎర్రబడినా ఆగొద్దన్నారు. ఆమె అనుమానం తీరలేదని తర్వాత తెలిసింది. నా చీటీ మీద సీఆర్‌పీ పక్కన ప్రశ్నార్థకం గీసుకున్నారు.

మాత్రలు వేసుకుంటే ఆకలి, చిరాకు. నిద్ర లేదు. చెవిలో హోరు మాత్రం తగ్గలేదు. పక్క మీద పడుకుని ఆ హోరు ఏ మిషనుదై ఉంటుందా అని ఆలోచించేవాణ్ణి. బేరింగు ఎండిపోతే వచ్చే చప్పుడుకి దగ్గరగా ఉండేది. నాకు భయం వేసిందని ఇక్కడ రాసేస్తాను, ఎందుకంటే అప్పుడు ఎవరికీ చెప్పలేదు. కుడి చెవి కూడా పోతే నూకరత్నం గొంతు ఎలా ఉంటుందో మర్చిపోతానేమోనని భయం. ఇరవై ఏళ్ళుగా విన్న గొంతు, పెద్దగా పట్టించుకోని గొంతు.

నాలుగో రోజుకి చీలమండ పొంగింది. ఎర్రదనం పిక్క దాకా పాకింది. గజ్జల్లో బిళ్ళ కట్టి, నడిస్తే లాగింది. అయినా ఇంకో రోజు చూద్దామనుకున్నాను, అలవాటు ప్రకారం. మర్నాడు నూకరత్నం లుంగీ పక్కకి తీసి చూసింది. చాలాసేపు చూసింది.

"బూటు కరిస్తే ఇలాగుంటాదా?"

నేను లుంగీ కాలి మీదికి లాక్కోబోయాను.

"ఇది కాలినాది. నా కళ్ళు పోనేదు కదా, పోయింది నీ సెవి. ఎప్పుడు కాలింది?"

చెప్పాను. ఆమె ఆటో పిలిచింది. దారిలో గాజువాక దాటాక నా కుడి వైపుకి జరిగి, ఆటో డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అడిగింది.

"డాట్రమ్మకి సెప్పినావా?"

"లేదు."

"సూరిబాబన్నకి తెల్సా?"

"తెలుసు."

"అందరికీ తెల్సు. నాకూ, మందిచ్చిన మనిషికీ తప్ప. మీ మిల్లోలంతా కలిసి నీ సెవి పాతిపెట్టీసినారు."

డాక్టరుగారు కాలు చూసి కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. పాత కాగితం తీసి, సీఆర్‌పీ పక్కన తాను గీసిన ప్రశ్నార్థకాన్ని నాకు చూపించి కొట్టేశారు. అంతే. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మాత్రలు ఆపేశారు. కాలికి చీము మందులు రక్తంలోకి ఎక్కించడానికి నాలుగు రోజులు పడుకోబెట్టారు. చెవికి వేరే దారి ఉందన్నారు. అదే మందుని మాత్రగా కాకుండా సూదితో కర్ణభేరి దాటించి లోపలికి వేయడం. ముందు మొద్దుబారే మందు పెట్టారు. తర్వాత లోపల చల్లగా ఏదో నిండింది, మంచం తిరిగింది, గొంతులోకి చేదు దిగింది. అరగంట పక్కకి తిరిగి పడుకోవాలి, మాట్లాడకూడదు, గుటక మింగకూడదు. నూకరత్నం ఆ అరగంటా నా ఎదురుగా కూర్చుంది.

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానేసింది. నాకు ఆ సంగతి తెలియడానికి మూడు రోజులు పట్టింది. మాట్లాడుతోంది గానీ నాకే వినబడటం లేదనుకున్నాను. పక్క మంచం అతని భార్య చేతులు తిప్పి, మూతి ముడిచి చూపిస్తే అప్పుడు అర్థమైంది. క్షమించమని అడిగాను. గట్టిగా అడిగాను, నా గొంతు ఎంత పెద్దగా ఉందో నాకు తెలియలేదు, వార్డంతా తిరిగి చూసింది. ఆమె నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయింది.

అదే రోజు సూరిబాబు కమలాపళ్ళు పట్టుకుని వచ్చాడు. సెలవు ఫారం కూడా తెచ్చాడు. గాయం ఎలా అయిందో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

"బండి సైలెన్సర్ కాలిందని రాసీ బావా. కుర్రోలందరూ ఆశగున్నారు. నాను కట్టు కట్టినానని తెలిస్తే నాకూ మెమో వచ్చీస్తాది."

నేను రాశాను. ఆ మాట దాచి ఈ కథ చెప్పడం కుదరదు. చెవి పోయి, కాలు పొంగి, భార్య మాటలు పోగొట్టుకుని, ఇంకా రాశాను.

మూడో వారం, ఆ తర్వాత

చెవిలోకి సూది మొత్తం నాలుగుసార్లు వేశారు. ప్రతిసారీ రక్తం కూడా తీసేవారు. నేను చెవిని వదిలేసి కాగితం మీద పడ్డాను. రెండోసారికి సీఆర్‌పీ సగమైంది. ఈఎస్‌ఆర్ కాస్త దిగింది. తెల్లకణాలు ఇంకా ఎక్కువే ఉంటే కంగారుపడ్డాను. వేసుకున్న స్టెరాయిడ్ వల్ల కూడా అవి పెరుగుతాయి, దాన్ని చూసి భయపడొద్దన్నారు డాక్టరుగారు. మూడోసారికి ముద్దక్షరాలు ఒక్కటే మిగిలాయి. నాలుగోసారికి కాగితం మీద అన్నీ సన్నక్షరాలే.

ఆ రోజు వెయిటింగ్ హాల్లో నా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. సముద్రపొడ్డు మనిషి, చేపలమ్మి పిల్లల్ని పెంచిందట. రెండు చెవులకీ వినికిడి మిషన్లు. నా కాగితం చూసి ఏమిటని అడిగింది. రక్తం బాగుపడింది, ఇక చెవి వచ్చేస్తుందని చెప్పాను.

"నీకు బొత్తిగా ఇనబడదేటి?"

"ఇటు సగం వినబడుతుందమ్మా."

"సగం సాలు నాయనా. నా పెనిమిటి బతికున్నన్నాళ్ళూ నాకు రెండూ ఉండీవి. ఏటి ఇన్నాను, తిట్లే కదా."

మొదటిసారి ఆ హాల్లో నేను గట్టిగా నవ్వాను. గాజు గదిలోకి వెళ్ళేటప్పుడు కూడా నా ముఖం మీద ఆ నవ్వు ఉండే ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టారు. లావు చప్పుళ్ళు కొన్ని దూరం నుంచి వచ్చాయి, నొక్కాను. సన్నవి ఒక్కటీ రాలేదు. టెక్నీషియన్ అమ్మాయి అయిపోయిందని వేలు ఎత్తి చూపించాక కూడా నేను బటన్ పట్టుకునే కూర్చున్నాను.

"రక్తం బాగైంది కదండీ" అన్నాను డాక్టరుగారితో.

"రక్తం బాగైంది. అది మీ కాలు తగ్గిందని చెబుతోంది. చెవి సంగతి చెవే చెప్పాలి."

ఇంతకాలం నేను తప్పుచోట రాడ్డు పెట్టి విన్నానని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి రిపోర్టులన్నీ కవర్లో పెట్టేశాను. మళ్ళీ తీయలేదు.

కాలు మానింది. చెవి నవంబరు దాకా ఏ మూలో కొంచెం కొంచెం వచ్చి ఆగింది. లారీ వినబడుతుంది, ఈల వినబడదు. మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏ మాటో తెలియదు. చివరి పరీక్ష రోజు డాక్టరుగారు వచ్చినంత వచ్చింది, ఇక మిషను పెట్టుకోండన్నారు. లేవబోతూ అడిగాను. మూడు నెలలుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న ప్రశ్న.

"మొదటి రోజే కాలు సంగతి చెప్పి ఉంటే చెవి వచ్చేదాండీ?"

ఆమె నా పాత చీటీ తిరగేశారు. "కాలికి ఆ రోజే మందిచ్చేదాన్ని. చెవిలోకి సూది ఆ రోజే వేసేదాన్ని. ఐదు రోజులు మిగిలేవి. ఆ ఐదు రోజుల వల్ల చెవి వచ్చేదో, అప్పటికే పోయిన ఆరు రోజుల వల్ల రాకపోయేదో నాకు తెలియదు. తెలుసని ఎవరైనా చెబితే నమ్మకండి."

ఆమె అబద్ధం చెప్పలేదు. నాకు ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

జనవరి

రోలర్ల దగ్గరికి నన్ను ఇక పంపరు. వెనక నుంచి క్రేను హారన్ కొడితే ఎటు నుంచో నాకు తెలియదు. అందుకని స్టోర్సులో వేశారు. కౌంటరు వెనక కూర్చుని బేరింగులు, బోల్టులు ఇచ్చే పని. కుడి చెవికి మిషను పెట్టుకుంటే కౌంటరు అవతలి మాటలు బాగానే అందుతాయి. రాడ్డు ఇప్పుడు వేరేవాళ్ళు పడుతున్నారు. ఎవరని నేను అడగలేదు.

కుక్కర్లు సెప్టెంబరులోనే ఇచ్చారు. నాకూ ఒకటి ఇంటికి పంపారు. నూకరత్నం దాన్ని పెట్టె విప్పకుండా వాళ్ళ చెల్లెలికి ఇచ్చేసింది.

కిందటి మంగళవారం సూరిబాబు బేరింగు కోసం కౌంటరు దగ్గరికి వచ్చాడు. చీటీ ఎడమ చేత్తో ఇచ్చాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"చెయ్యి చూపించు" అన్నాను.

"ఏటీ నేదు బావా. బొటనేలు కాస్త నలిగింది. బేరింగు తే, అవతల మిల్లు ఆగిపోనాది."

"చూపించు."

తీశాడు. నూనె గుడ్డ చుట్టి ఉంది, గుడ్డ రంగు మారింది. గోరు పక్కన పసుపుపచ్చగా ఊరింది. మూడు రోజులదైనా అయ్యుంటుంది.

"ఫస్ట్ ఎయిడ్‌కి వెళ్ళు. రాయించుకుని రా, బేరింగిస్తాను."

"నీకు తెల్సు కదా బావా, నాను మేస్త్రీని. నా పేరు రాయించుకుంటే రేపు ఆ కుర్రోలకి నా మొకం ఎలాగ సూపిస్తాను? రెండ్రోజుల్లో తగ్గిపోతాదిలే. నువ్వు మరీ సిన్నదానికి పెద్దది సేత్తన్నావ్..."

నేను చెవి మిషను తీసి కౌంటరు మీద అతని ముందు పెట్టాను.

"ఇప్పుడు చెప్పు" అన్నాను.

అతని పెదాలు ఇంకా కదులుతున్నాయి. నాకు ఒక్క ముక్క వినబడలేదు. నేను అతని ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి పెదాలు ఆగాయి. అతను మిషనుని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత మంచి చేత్తో దాన్ని తీసి, తలకిందులుగా పట్టుకుని, ఎటు పెట్టాలో తెలియక నా చేతిలో పెట్టాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకూ వచ్చాయి.

మిషను పెట్టుకున్నాను. "పద, నేనూ వస్తాను. నాది కూడా రాయించాలి" అన్నాను.

ఫస్ట్ ఎయిడ్ గదిలో సిస్టరు మొదట సూరిబాబు వేలు కడిగి, కట్టు కట్టి, పేరు రాసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. కాలిన గాయం అన్నాను. ఎక్కడ అంది. మేజోడు కిందికి లాగి మచ్చ చూపించాను. సైలెన్సరు కాదు, రోలర్ల దగ్గర అన్నాను. ఎప్పుడు అంది. ఆగస్టు అన్నాను.

ఆమె పెన్ను ఆపింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

మామూలు గొంతుతోనే అడిగింది. నాకు వినబడింది. సూరిబాబు నేల చూపులు చూస్తున్నాడు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.